ఉలి పట్టిన చెయ్యి

మే 4, 1998

ఈ పుస్తకం బండి పని కోసం. ఏ బోల్టు వచ్చింది, ఏది విరిగింది, దేన్ని కోయాల్సి వచ్చింది, అన్నీ ఇందులో రాసుకుంటాను. ఇంటి సంగతులు రాయను. ఎరువుల కొట్టువాళ్లు ఎప్పుడో ఇచ్చిన పాత డైరీ ఇది. అచ్చు తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను.

బండి పొద్దున్నే దిగింది. అరవై నాలుగు మోడల్ అంబాసిడర్. నాగాయలంక నుంచి ట్రాక్టరు ట్రక్కు మీద తెచ్చారు. తొంభై తుఫానులో ఉప్పునీళ్లు సీట్ల దాకా వచ్చాయట. తర్వాత ఎనిమిదేళ్లు పశువుల పాకలో పడి ఉంది. పై రంగు చూస్తే మోసపోతాం. కింద పడుకుని టార్చి వేసి చూశాను. నట్టేదో బోల్టేదో తెలియకుండా అన్నీ కలిసి ఒకటే తుప్పు ముద్ద.

బండి యజమాని రత్తయ్యగారు పంచె పైకి కట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"శ్రావణంలో మా అబ్బాయి బాబీగాడి పెళ్లయ్యా సిరాజూ. మా నాన్న కొన్న బండిది. పెళ్లికొడుకు దీంట్లోనే కూచోవాల. ఆటోనగర్లో నలుగుర్నడిగా. కోసి పారెయ్యమన్నారు. నువ్వొక్కడివే విప్పుతానన్నావంట?"

"విప్పుతానండీ," అన్నాను. నా చేతికి లొంగని నట్టు ఇంతవరకు లేదు.

తెలుగులో రాయడానికి కారణం ఉంది. పటమట స్కూల్లో మాస్టారు నా దస్తూరి చూపించి మిగతావాళ్లని తిట్టేవారు. నా భార్య ముబీనాకి ఉర్దూ తప్ప చదవడం రాదు. ఆమె చదవకూడనిదేమీ ఇందులో ఉండదనుకోండి. ఊరికే అంటున్నాను.

మే 6

ముందు మడ్‌గార్డుల బోల్టులు ఇరవై రెండు. ఆరు వచ్చాయి. నాలుగు మెడ దగ్గర తెగాయి. మిగతావి అంగుళం కూడా కదల్లేదు. స్పానరుకి పైపు తొడిగి ఇద్దరం వేలాడితే నట్టు మూలలు అరిగి గుండ్రంగా తయారయ్యాయి. ఇక సుత్తీ ఉలే గతి.

నట్టు అంచున ఉలి ఆనించి, విప్పే వైపుకి కొట్టాలి. జాగా ఇరుకు కాబట్టి పట్టుకారు దూరదు. ఒకడు చేత్తోనే ఉలి పట్టాలి, ఇంకొకడు కొట్టాలి. దీనికి మా షెడ్డులో ఒక నియమం ఉంది. నాకు పని నేర్పిన శౌరయ్య మేస్త్రి పెట్టింది. ఉలి పట్టినవాడు సుత్తి వంక చూడకూడదు. చూస్తే చెయ్యి వణుకుతుంది, ఉలి తప్పుతుంది. వాడి కళ్లు నట్టు మీదే ఉండాలి. సుత్తి సంగతి కొట్టేవాడికి వదిలెయ్యాలి.

ఉలి సోహైల్ పట్టాడు. వాడు ముబీనా తమ్ముడు. ఏడేళ్లుగా నా దగ్గరే ఉన్నాడు. గ్యాస్ వెల్డింగులో వాణ్ణి మించినవాడు ఈ వీధిలో లేడు. నేను సుత్తి ఎత్తితే వాడి రెప్ప కూడా కదలదు. సాయంత్రానికి పదకొండు నట్లు చీల్చాం. నట్టు పగిలినప్పుడు చేతుల్లోకి వచ్చే ఆ అదురు నాకు ఇష్టం. దవడల దాకా వస్తుంది.

మే 9

ఇంట్లో చిన్న గొడవ.

మే 10

బ్రేకు డ్రమ్ముల స్క్రూలు ఎనిమిదిలో మూడు వచ్చాయి.

నిన్నటి గొడవని మా అమ్మీ పొద్దున్న మళ్లీ ఎత్తింది. అమ్మీ మాట విని ముబీనా ఏదో గొణిగింది. నేను మంచినీళ్లు తాగుతున్నాను. గ్లాసు చేతిలోంచి జారింది. పోయి తలుపుకు తగిలింది. ముబీనా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెకి తగల్లేదు. స్టీలు గ్లాసు సొట్టపోయింది, అంతే.

ఇంటి సంగతులు రాయనన్నాను కదా. మేం ఉర్దూలో అరుచుకున్నది ఇక్కడ తెలుగులో రాస్తుంటే ఎవరింటి గొడవో రాస్తున్నట్టు ఉంది. హాయిగానే ఉంది.

మే 13

సైలెన్సరు పైపుని ఇంజనుకి పట్టి ఉంచే స్టడ్డులు ఆరు. మొదటిది నా చేతిలోనే తెగింది. రెండోదాన్ని బాదుతుంటే శౌరయ్య మేస్త్రి వచ్చారు. పక్క షెడ్డులో ఆయనకి లేతు ఉంది. డెబ్భై దాటినా కళ్లద్దాలు లేకుండా మర చూస్తారు.

"ఒరే సిరాజూ, ఎందుకురా దాన్నట్టా బాదుతున్నావ్? అది నిన్నేమంది?"

"రావట్లేదు మేస్త్రిగారూ."

"రానంటే కొడతావా? అడుగు. మళ్లీ అడుగు."

జేబులోంచి కొవ్వొత్తి ముక్కలు తీశారు. గుణదల కొండ మీద మేరీమాత దగ్గర కాలగా మిగిలినవి ఏరుకొస్తారు. సోహైల్ చేత స్టడ్డు ఎర్రబడేదాకా కాల్పించి, మంట తీశాక మైనం ఆనించారు. కరిగిన మైనం మరల్లోకి పీల్చుకుపోయింది. చల్లారాక స్పానరు పెట్టి పావు చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పారు. కిర్రుమని మూలిగి వచ్చేసింది. నలభై నిమిషాలు పట్టింది. నాలుగూ అలాగే తీశారు. ఆరోది నేను తీశాను. విరిగింది.

"నీకు బలముందిరా. అదే నీ తెగులు," అన్నారు. సోహైల్ నవ్వాడు. వాడు నవ్వడం నాకు నచ్చలేదు.

మే 19

ముబీనా కుడి మణికట్టు విరిగింది.

మా అమ్మాయి మహెక్ స్కూలు ఫొటో దగ్గర గొడవ మొదలైంది. ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ముబీనా చెయ్యి విదిలించుకుని వంటింట్లోకి పోతోంది. మాట్లాడుతుంటే పోవడం ఏమిటి? చెయ్యి పట్టి లాగాను. లాగితే ఎముక విరుగుతుందా? ముప్పై దాటితే ఆడవాళ్లకి ఎముకలు గుల్లబారతాయని అంటారు. అదే అయి ఉంటుంది.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే ముబీనాయే చెప్పింది, "స్నానాల గదిలో జారిపడ్డానండీ," అని. నేను చెప్పమనలేదు. ఆమే చెప్పింది. డాక్టరు నా వైపు చూసి పిండికట్టు వేశాడు.

దారిలో ఆమెకి బత్తాయి రసం ఇప్పించాను. తాగలేదు.

మే 20

పని చెయ్యలేదు.

మే 22

జుమ్మా నమాజు నుంచి వచ్చేసరికి ముబీనా లేదు. మహెక్ లేదు. మహెక్ పుస్తకాల సంచీ కూడా లేదు. భవానీపురం, తమ్ముడింటికి వెళ్లిందని అమ్మీ చెప్పింది.

"పోనీరా. నాలుగు రోజులు కూచుంటే వాళ్లకే బరువై పంపిస్తారు," అంది. తర్వాత అమ్మీ కూడా అన్నం తినలేదు.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె నన్ను అడక్కుండా ఎక్కడికీ వెళ్లలేదు. షెడ్డుకి పోయి వెనక బంపరు బోల్టులు పట్టాను. సమ్మెట తీసుకుని బంపరునే కొట్టాను. బోల్టులు కాదు, బంపరు బిగింపులు చిరిగి వచ్చాయి. ఇది కూడా విప్పడమే.

ముబీనా రావాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మే 29

భవానీపురం వెళ్లాను. మర్యాదగా పిలుద్దామనే వెళ్లాను. సోహైల్ గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"అక్క రాదు దుల్హాభాయ్. చెయ్యి బాగుపడనివ్వండి."

"నా పెళ్లాంతో నేను మాట్లాడుకుంటాను. జరుగు."

"మాట్లాడితే నేనెందుకు ఆపుతాను? మీరు మాట్లాడరు కదా."

ఏడేళ్లు నా షెడ్డులో అన్నం తిన్నవాడు. కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. వాడు తిరిగి చెయ్యెత్తలేదు. అది నన్ను ఇంకా మండించింది. వాడి సైకిలు ఎత్తి మురుగుకాలవలో పడేశాను. వీధంతా బయటికి వచ్చింది. రైవస్ కాలవ దాకా వినబడేట్టు అరిచానని తర్వాత ఎవరో చెప్పారు. వాడి నోటి నుంచి రక్తం వస్తోంది.

"ఇంకోసారి అక్క మీద చెయ్యి పడితే స్టేషనుకి పోతాను," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

లోపల నుంచి ముబీనా బయటికి రాలేదు. కిటికీ తలుపు మూసుకోవడం మాత్రం చూశాను.

జూన్ 3

సోహైల్ పనికి వచ్చాడు. పెదవి వాపు తగ్గింది. నేనేమీ అడగలేదు, వాడే చెప్పాడు.

"అక్క వెళ్లమంది. రత్తయ్యగారికి మాటిచ్చాం కదా. పని వేరు, ఇల్లు వేరు."

ఆమె వెళ్లమందంటే ఆమెకి కోపం పోతున్నట్టే. విరిగిన స్టడ్డు మీద వాడు నట్టు వెల్డింగు పెట్టి తిప్పాడు, సులువుగా వచ్చింది. వాడి చెయ్యి మంచిది. ఆ మాట పైకి అనలేదు.

జూన్ 12

బండి వెనక భాగం దిమ్మల మీద ఉంది. వెనక బరువు మోసే ఎడమ కమాను పిన్ను నట్టు మిగిలింది. మూడు రోజులు కిరోసిన్ పోశాం, రెండుసార్లు కాల్చాం, మైనం పెట్టాం. లొంగలేదు. పొద్దున్న పదకొండుకే రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. జుమ్మా టైముకి దాన్ని తీసేసి వెళదామని ఉలి పట్టమన్నాను.

సోహైల్ కింద కూచుని ఎడమచేత్తో ఉలి ఆనించాడు. ఆనిస్తూ అన్నాడు:

"మహెక్ నిద్రలో ఉలిక్కిపడుతోంది దుల్హాభాయ్. అబ్బా వస్తున్నాడని అరుస్తోంది. ఈ రెండు నెలలూ వాళ్లని రమ్మని అడక్కండి."

 నా కూతురి నిద్ర గురించి వాడు నాకు చెబుతున్నాడు. నాలుగు పౌన్ల సుత్తి తీసుకున్నాను. వాడి కళ్లు నట్టు మీద ఉన్నాయి. మొదటి దెబ్బ సరిగ్గా పడింది. రెండోది పడింది. మూడోదానికి నట్టు అంచు కొంచెం లేచింది. వాడు ఉలి సర్దుకుని, "కానివ్వండి," అన్నాడు.

నాలుగోసారి సుత్తి జారింది.

ఇనుము మీద పడిన చప్పుడు రాలేదు. చెరకు గడ విరిచిన చప్పుడు వచ్చింది. ఉలి దూరంగా పడి గిరగిరా తిరిగింది. బొటనవేలు, చూపుడువేలు కమానుకి, సుత్తికి మధ్య నలిగాయి. బొటనవేలు ఉండాల్సిన చోట లేదు, అరచేతిలోకి వాలిపోయి ఉంది. ఎముక తెల్లగా కనబడి, మరుక్షణంలో ఎర్రబడిపోయింది. రక్తం గ్రీజు మీద నిలవకుండా జారుతూ పోయింది.

వాడు అరవలేదు. మొదటిసారి తలెత్తి నా ముఖం చూశాడు. అప్పుడు అరిచాడు.

శౌరయ్య మేస్త్రి పరుగెత్తుకొచ్చి తన పంచె చింపి కట్టారు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నన్ను ఎక్కనివ్వలేదు.

బొటనవేలు తీసేశారు. చూపుడువేలు వంగదట. వెల్డింగులో కరిగించే పుల్ల పట్టేది ఎడమచేత్తోనే.

జూన్ 13

సుత్తి జారింది.

జూన్ 14

పిడి చెమటకి తడిసి ఉంది. పైగా ఆ ఎండకి కళ్లు బైర్లు కమ్మాయి. పైగా పిడి వదులైంది, మార్చాలని వారం నుంచి అనుకుంటున్నాను. ఎవరికైనా జారుతుంది. ఆటోనగర్లో రోజుకొక వేలు పోతుంది.

జూన్ 16

మేస్త్రిగారు షెడ్డుకి వచ్చి ఆ సుత్తి అడిగారు. ఇచ్చాను. పిడి పట్టుకుని ఊపారు. తల పట్టుకుని తిప్పారు. దిమ్మ మీద నాలుగు దెబ్బలు కొట్టి చూశారు. పిడి ఇసుమంత కూడా కదల్లేదు. లోపల చెక్కమేకు బిగువుగా ఉంది.

"చెమట మేస్త్రిగారూ," అన్నాను.

ఆయన సుత్తిని బల్ల మీద పెట్టి, చేతులు పాతగుడ్డతో తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

"నీకు సుత్తి పట్టడం నేర్పింది నేనేరా," అన్నారు. వెళ్లిపోయారు. లేతు శబ్దం ఆ రోజు వినబడలేదు.

జూన్ 19

నమాజు అయ్యాక మసీదు పక్కగదిలో పెద్దలు కూచోబెట్టారు. మసీదు వ్యవహారాలు చూసే ముతవల్లీ సాహెబు, ఇంకో ముగ్గురు. సోహైల్ చెయ్యి మెడకి వేలాడదీసుకుని కూచున్నాడు. వరండాలో తెర అవతల ముబీనా ఉందని చెప్పారు. నాకు ఆమె చెప్పులు మాత్రం కనబడ్డాయి.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఎండ, చెమట, పిడి. 

ముతవల్లీ సాహెబు సోహైల్‌ని అడిగారు, "నీ బావ కావాలని కొట్టాడా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. వాడు తన కట్టు వంక చూసుకున్నాడు.

"నేను చూడలేదు సాహెబ్. ఉలి పట్టినవాడు సుత్తి వంక చూడకూడదు. నేను నట్టు చూస్తున్నాను."

"నీ మనసుకేమనిపిస్తోంది?"

"మనసు సాక్ష్యం చెల్లుతుందా సాహెబ్?"

చెల్లదన్నారు. పనిలో ప్రమాదమని తేల్చారు. అల్లా రాసిపెట్టాడన్నారు. తెర వైపు తిరిగి, "అమ్మా, ఇల్లు పాడు చేసుకోకు. పిల్లని తీసుకుని వెళ్లు," అన్నారు.

తెర అవతలి నుంచి ముబీనా గొంతు వినబడింది. ఆ గొంతు విని నెల కావస్తోంది.

"నా కట్టు విప్పాక జవాబు చెబుతాను. ఇక్కడ కాదు, ఆయన షెడ్డులో."

వస్తుంది. షెడ్డుకి వస్తానంటే ఇంటికి వస్తాననే కదా అర్థం. బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే నవ్వొచ్చింది. అమ్మీకి జిలేబీ కొన్నాను.

జూలై 1

ఒక్కణ్ణే పని చేస్తున్నాను. నాతో ఉలి పట్టడానికి ఆటోనగర్లో ఎవడూ రావడం లేదు. అడిగినవాళ్లంతా పని ఉందంటారు. ఎదురు షెడ్డు ఆమోసు అయితే ముఖం మీదే నవ్వి, "నా వేళ్లు నాక్కావాలి సిరాజ్‌భాయ్," అన్నాడు.

లోపలికి పోయి సమ్మెట తీశాను. డోరు కీలు స్క్రూలు రాలేదు, డోరుని కొట్టాను. సొట్టపడింది. ఇంకా కొట్టాను. ఎడమ ముందు డోరు, దాని స్తంభం, ముందు అద్దం. అద్దం పగిలి ఒంటి మీద పడింది. మోచేతుల నుంచి రక్తం కారుతోంది. ఎవడి ముఖం గుర్తొస్తే ఆ ముఖాన్ని కొట్టాను. చివర్లో ఎవడి ముఖమూ లేదు, ఊరికే కొట్టాను.

వెనక్కి తిరిగితే రత్తయ్యగారు నిలబడి ఉన్నారు. పెళ్లికార్డులు చేతిలో ఉన్నాయి.

"బండి బాగుచెయ్యమని తెచ్చానా, చంపమని తెచ్చానా?" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు. "మా నాయన కూచున్న బండయ్యా ఇది. సోమారం ట్రక్కు పంపుతా. అప్పటిదాకా దాని మీద చెయ్యి వేశావంటే మర్యాద దక్కదు."

కార్డు ఇవ్వకుండానే వెళ్లారు.

జూలై 5

ముబీనా వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. శౌరయ్య మేస్త్రి ఆమెని షెడ్డు దాకా తీసుకొచ్చి బయట బల్ల మీద కూచున్నారు. కుడిచెయ్యి కట్టు విప్పేశారు. మణికట్టు సన్నబడి, కొంచెం వంకరగా అతుక్కుంది. నేను కుర్చీ తుడిచి వేశాను. కూచోలేదు. చితికిన డోరు చూసింది, అద్దం పెంకులు చూసింది.

"ఆ నట్టు ఏది?"

"ఏ నట్టు?"

"మా తమ్ముడు పట్టింది."

చూపించాను. ఆ రోజు నుంచి ఆ పక్కకి నేను వెళ్లలేదు. కమాను మీద రక్తం నల్లబడి తుప్పులో కలిసిపోయింది. ఆమె బల్ల మీది నాలుగు పౌన్ల సుత్తి రెండు చేతులా తీసుకుంది.

"పట్టుకోండి."

"ముబీనా, ఇదేమిటి? నీ చెయ్యి ఇంకా..."

"ఉలి పట్టుకోండి. జవాబు కావాలన్నారు కదా."

కూచున్నాను. ఎడమచేత్తో ఉలి ఆనించాను. నట్టు మీదే చూపు పెట్టాను. చెవి పక్కన ఆమె ఊపిరి వినబడింది. దెబ్బ పడింది. ఉలి తల మీద నిటారుగా పడింది. ఆమె సోహైల్‌కి ఏడేళ్లూ అన్నం క్యారేజీ తెచ్చి, కాసేపు నిలబడి చూసి వెళ్లేది. చూపుతోనే నేర్చుకుంది. నట్టు కదిలినట్టు అనిపించింది.

"ఇంకోటి," అంది.

నేను ఉలి సర్దాను. ఆమె వెంటనే కొట్టలేదు. ఎంతసేపు? నా మెడ మీద చెమట వెన్ను దాకా జారేంతసేపు. ఎందుకు కొట్టడం లేదు? నేను తలెత్తాను. సుత్తి ఆమె తల పైన ఉంది. ఆమె ముఖంలో కోపం లేదు, ఏమీ లేదు. సుత్తి దిగుతోంది.

చెయ్యి లాగేసుకున్నాను. ఉలి ఖంగుమని పడింది. సుత్తి సరిగ్గా ఉలి ఉండాల్సిన చోట, కమాను పిన్ను మీద పడింది. నా చెయ్యి ఉన్న చోటికి బెత్తెడు దూరంలో.

ఆమె సుత్తి కింద పెట్టింది. కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. నొప్పి చేసినట్టుంది.

"సోహైల్ చెయ్యి తియ్యలేదు. మీరు కొడతారని వాడికి ఊహకైనా రాలేదు. మీరెందుకు తీశారు?"



"సుత్తి జారుతుందని తియ్యలేదు మీరు. నేను కొడతానని తీశారు. కోపం ఉన్న చేతిలో సుత్తి ఏం చేస్తుందో మీకు తెలుసు."

బయట మేస్త్రిగారు దగ్గారు. నేను అద్దం పెంకుల్లో మోకాళ్ల మీద ఉన్నాను. నోరు తెరిస్తే ఎండ, చెమట, పిడి అన్న మాటలే వరసగా వచ్చాయి. వాటిని మింగాను. అవి పోయాక మిగిలింది రెండు మాటలు.

"జారలేదు. కొట్టాను."

ఆమె తలూపింది. ఆశ్చర్యపోలేదు.

"నా చెయ్యి?"

"విరిచాను."

"నేను డాక్టరుకి అబద్ధం చెప్పాను. నా తమ్ముడు వేలు పోగొట్టుకున్నాడు. నా వంతు అబద్ధం నేను ఆపుతున్నాను. మీరీ మాట పెద్దల ముందు చెప్పండి."

"చెబితే వస్తావా?"

"రాను," అంది. "అయినా చెప్పండి."

జూలై 6

ట్రక్కు వచ్చింది. బండి వెళ్లిపోయింది. నట్టు అలాగే ఉంది.

జూలై 10

జుమ్మాకి వెళ్లాను. చెప్పలేదు.

జూలై 11

రానన్నాక చెప్పడం దేనికి? రాత్రంతా ఇదే. పొద్దున్న ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను. దస్తూరి బాగుంది. ఒక్క మాట నిజం లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మే 9న చిన్న గొడవ కాదు. కూర చల్లగా ఉందని మహెక్ ముందు ముబీనాని చెంప మీద కొట్టాను. మర్నాడు గ్లాసు జారలేదు. ఆమె తలకే విసిరాను, గురి తప్పింది. మే 19న చెయ్యి లాగలేదు, మెలిపెట్టాను. ఎముక చప్పుడు విన్నాక కూడా వెంటనే వదల్లేదు. భవానీపురంలో సోహైల్‌ని గోడకేసి కొడుతుంటే మహెక్ వాడి వెనకే నిలబడి ఉంది, ఆ పిల్ల గౌను తడిసిపోయింది. అది రాయలేదు. జూన్ 12న నాలుగో దెబ్బకి ముందు ఎక్కడ కొట్టాలో చూసుకున్నాను.

అంతకుముందు పదకొండేళ్లవి రాయడానికి ఈ పుస్తకం చాలదు.

జూలై 17

చెప్పాను.

పక్కగదిలో అదే ఫ్యాను. ముతవల్లీ సాహెబు చెవి వెనక చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అయిందేదో అయింది. ఒప్పుకున్నావు, అదే గొప్ప. ఇది ఈ గది దాటి పోకూడదు," అన్నారు.

సోహైల్ లేచాడు. "దాటుతుంది సాహెబ్. నేను స్టేషనుకి పోతున్నాను."

వాడి వెనకే ముబీనా వెళ్లింది. వాళ్ల వెనక నేను వెళ్లాను. ఎవరూ నన్ను రమ్మనలేదు. మేస్త్రిగారు నా పక్కన నడిచారు, చెయ్యి వెయ్యలేదు.

స్టేషనులో కాగితాలు రాసే కానిస్టేబులు నన్ను పక్కకి పిలిచాడు.

"ఏవయ్యా, నీకేవన్నా పిచ్చా? పనిలో సుత్తి జారిందని రాసేస్తా. బావాబావమరుదులు, రేపొద్దున కలిసిపోతారు. నీకూ మంచిది, మాకూ పని తగ్గుద్ది."

"జారలేదండీ. కొట్టానని రాయండి."

"సరే, నీ ఖర్మ." రాశాడు. రాసింది చదివి సంతకం పెట్టమన్నాడు. చదివాను. "ఆమె చెయ్యి సంగతి లేదండీ."

"అదెవరడిగారయ్యా?"

"అదీ రాయండి."

అతను ముబీనా వైపు తిరిగాడు. "ఏమ్మా, ఆసుపత్రి కాగితంలో జారిపడ్డావని ఉంటదిగా?"

"ఉంటుందండీ. అబద్ధం చెప్పాను," అంది. "భయపడి చెప్పాను."

ఆ మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు. నన్ను అడిగి ఉంటే, కోపిష్టివాణ్ణి గానీ ఇంట్లో నేనంటే ఎవరికీ భయం లేదని చెప్పేవాణ్ణి. నమ్మి చెప్పేవాణ్ణి.

రేపు పొద్దున కోర్టుకి తీసుకెళతారట. మేస్త్రిగారు పూచీ ఉన్నందుకు ఈ పూటకి ఇంటికి పంపారు. అమ్మీ నా ఎదురుగా కూచుని ఉంది. నా బట్టలు మడతపెడుతోంది.

ఇందాక స్టేషను మెట్ల దగ్గర సోహైల్ చొక్కా గుండీ విడింది. ఒక్క కుడిచేత్తోనే తంటాలు పడుతున్నాడు. నా చెయ్యి లేచింది, అలవాటుగా, సాయం చేద్దామని. వాడు వెంటనే కట్టు ఉన్న చేతిని వెనక్కి దాచుకున్నాడు. ముబీనా వచ్చి మా మధ్య నిలబడి, వంకర మణికట్టుతో మెల్లగా వాడి గుండీ పెట్టింది. వాళ్లు ఆటో ఎక్కి భవానీపురం వెళ్లిపోయారు.